బదులు డ్యూటీ

ఇరవై నాలుగేళ్లుగా ఆమెది ఒకటే సందేహం. ఆ రోజు మిల్లులో బాయిలర్ ఎందుకు పేలింది?

విచారణకొచ్చిన పెద్దలు కారణం తెలియలేదని రాసి చేతులు దులుపుకున్నారు. రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని ఆమె అదే అడిగేది. ఆయనా నోరు విప్పలేదు.

ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. పోయిన మనిషిది ఆ రోజు డ్యూటీ కాదు, ఇంకొకరి బదులు వెళ్లాడు. మిల్లులో అది మామూలే. ఒకరి డ్యూటీ ఒకరు చేస్తారు, వీలు చూసుకుని మళ్లీ చేసిపెడతారు. ఆ ఒక్క డ్యూటీ మాత్రం తిరిగి పుచ్చుకోవడానికి మనిషే లేకుండా పోయాడు.

కొడుకు పుట్టిందీ ఆ రోజే. అందుకే ఆ ఇంట్లో పుట్టినరోజు చేసుకోవడమన్నది ఎప్పుడూ లేదు.

వద్దన్నా వినకుండా వాడు అదే బాయిలర్ రూములో చేరాడు. ఆమె ఒకే ఒట్టు వేయించుకుంది: ఎవరితోనూ డ్యూటీ మార్చుకోకూడదు.

ఇవాళ వాడికి సెలవు. అయిదున్నరకే ఫోన్ మోగింది. మాట్లాడి, చొక్కా తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికిరా?"

"డ్యూటీకమ్మా. ఒక్కపూట."

ఆమె వెళ్లి తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. "నా మీద ఒట్టేశావు."

"తెలుసు. వాడి పెళ్లానికి నొప్పులొచ్చాయట. ఆసుపత్రి నుంచి చేశాడు."

"మిల్లు నిండా జనం ఉంటే నువ్వే దొరికావా? ఎవడి పెళ్లాం?"

"మన బక్కోడి పెళ్లాం."

ఆమె గోడ మీది ఫొటోలో ఉన్న భర్త వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గడియ తీసి, "క్యారేజీ కట్టేదాకా ఆగు" అంది.

వాడు వెళ్లాక ఆమె కిటికీ వదల్లేదు. ఇళ్ల కప్పుల మీదుగా మిల్లు పొగగొట్టం కనబడుతోంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. రెండింటికి సైరన్ కూస్తే డ్యూటీ దిగినట్టు. వేళ కాని వేళ కూస్తే ఏమిటో ఆమె వేరే ఎవరినీ అడగక్కర్లేదు.

పదకొండింటికి సైరన్ కూసింది.

పరుగెత్తింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"కొత్త సైరన్ బిగించారక్కా, పరీక్ష చేస్తున్నారు. బాగానే కూసినట్టుంది, చెప్పుల్లేకుండా వచ్చేశావు."

ఆమె నవ్వలేదు. ఇంటికీ పోలేదు. గేటు పక్క గోడ నీడలో కూలబడి, నీడ జరిగినప్పుడల్లా తనూ జరుగుతూ కూర్చుంది.

రెండింటికి సైరన్ మళ్లీ కూసింది. మసి మొహంతో కొడుకు బయటికొచ్చాడు.

"ఆడపిల్లటమ్మా. ఇద్దరూ క్షేమమట."

ఆమె కొంగుతో వాడి మొహం తుడిచింది. తుడిచిందే తుడిచింది.

బాయిలర్ ఎందుకు పేలిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు పొద్దున దేవుడి ముందు కూర్చున్నప్పుడు మాత్రం అడగాలనిపించలేదు. ఒక డ్యూటీ తీరిపోయింది.

ఇరవై నాలుగేళ్ల కిందట, ఆమె కాన్పు కోసం ఆసుపత్రి వరండాలో కాచుకుని భర్త ఆ రోజుకి బతికిపోయాడు. అతని బదులు బాయిలర్ దగ్గరికెళ్లి తిరిగిరాని మనిషికి, ఒక్కగానొక్క కొడుకు బక్కోడు.