కోళ్ల దొడ్డికి ఇసుక

అతను సైకిలు దిగకుండానే ఒక కాలు నేలకు ఆనించి, కంచె సందులోంచి చెయ్యి పెట్టి, గుప్పెడు శెనక్కాయ పొట్టు తీసి వాసన చూశాడు.

"ఇది కోళ్ల కింద ఎయ్యొద్దమ్మా," అన్నాడు.

గోవిందమ్మ తలెత్తి చూసింది. చెవికి పోగు, సైకిలు వెనక వెదురు గంప, గంపలో కాళ్లు కట్టిన నాలుగు కోళ్లు. ఎవడో కోళ్ల బేరగాడు.

తొంభై ఎనిమిదిలో మాట ఇది. సదుం దగ్గరి ఆ పల్లెలో పదిమంది ఆడవాళ్లు సంఘం కట్టి, నూరు గిరిరాజ కోళ్లు తెచ్చి, గోవిందమ్మ పెరట్లో కంచె కట్టారు. టీ అంగడి ముందు కూర్చున్న మగవాళ్లు నవ్వారు. మూడు నెలలు తిరక్కుండా కోళ్లూ ఉండవు, సంఘమూ ఉండదన్నారు. గోవిందమ్మ అక్కడికే పోయి నిలబడి, ఈ కోళ్లు బతక్కపోతే మళ్లీ సంఘం పేరెత్తనని అందరి ముందూ మాటిచ్చి వచ్చింది.

దొడ్డి నేల జిగట మన్ను. నాలుగు చినుకులు పడితే బురదే. దానిమీద ఏం పరవాలని మూడు రోజులు వాదులాడుకున్నారు. ఒకామె సిమెంటు అంది. ఒకామె పట్టుపురుగుల ఇంట్లో మిగిలిన మల్బరీ పుల్లలంది. సంఘానికి పెద్ద కాబట్టి చివరికి గోవిందమ్మ మాటే నెగ్గింది. పుంగనూరులో ఒక నూనె మిల్లు వెనక కుప్పలు పడి ఉన్న శెనక్కాయ పొట్టును బండికెత్తించి తెచ్చింది. మెత్తగా ఉంది. ఊరికే వచ్చింది. ఇంకేం కావాలి?

ఇప్పుడు దారిన పోయే వీడొచ్చి వద్దంటున్నాడు.

"యాల ఎయ్యొద్దు?"

"వానకు నానిన పొట్టమ్మా ఇది. పైపైన ఎండినట్టుండాది గానీ లోపల బూజు. కోడి గీరే కొద్దీ ఆ బూజు ఊపిరిలోకి పోతాది. ఏటి ఇసుక పోసుకోండి, జానెడు మందాన. నీళ్లు నిలవవు."

గోవిందమ్మకు నవ్వొచ్చింది. ఏ ఊళ్లో తెగులు పడినా మొదట దిగేది ఈ బేరగాళ్లే. జనం భయపడి, బాగున్న కోళ్లను కూడా సగం ధరకు అమ్మేస్తారు. ఆ భయంతోనే వీళ్ల గంపలు నిండేది.

"పిల్లొచ్చి ఎలకకు వైద్యం సెప్పినట్టుండాదప్పా. మా కోళ్లు బాగుంటే నీకేమొస్తాది?"

అతను చేతికంటిన పొట్టు దులుపుకుని పోయాడు.

మూడో రోజు మళ్లీ వచ్చాడు. ఈసారి గంప లేదు. సైకిలు మీద రెండు గోతాల ఇసుక. ఏటి నుంచి తోసుకొచ్చినట్టున్నాడు, చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఒక మూలకైనా పోసి చూడమని అడిగాడు. గోవిందమ్మ కంచె తలుపు తీయలేదు.

"ఈ దొడ్లో కోడి నీ గంపలోకి రాదు. నీ దారిన నువ్వు పో."

అతను గోతాలు రెండూ కంచె పక్కన కుమ్మరించి వెళ్లిపోయాడు. గోవిందమ్మ ఆ ఇసుకను పారతో ఎత్తి వీధిలో గుంతకు పోయించింది.

ఆ వారమే ముసురు పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు.

అయిదో రోజు నుంచి కోళ్లు నోళ్లు తెరుచుకుని రొప్పడం మొదలుపెట్టాయి. రోజుకు రెండు, రోజుకు మూడు పడిపోయాయి. టీ అంగడి ముందు మళ్లీ నవ్వులు. బేరగాడు సగం ధరకు అడగడానికి ఇప్పుడొస్తాడని గోవిందమ్మ కాచుకుని కూర్చుంది. నాలుగు తిట్లు కూడా సిద్ధం చేసుకుంది.

అతను రాలేదు.

పద్నాలుగో కోడి పడిన పొద్దున ఆమె పొట్టును కాలితో తోసి చూసింది. కింద అడుగంతా పచ్చగా, నల్లగా బూజు.

పదిమందినీ పిలిచి, తప్పు నాదేనంది. ఆ ఊళ్లో అంత సూటిగా తప్పు ఒప్పుకున్న మగవాడు అప్పటికి ఒక్కడూ లేడు.

మధ్యాహ్నానికల్లా పొట్టు మొత్తం ఎత్తి ఊరవతల గుంత తీసి పూడ్చారు. పదిమందీ తట్టలు నెత్తినెత్తుకుని ఏటికి పోయారు. పొద్దు గూకేలోగా దొడ్డి నిండా జానెడు మందాన ఇసుక.

ఆ తర్వాత ఇంకో కోడి పడలేదు. కొన్నాళ్లకు రొప్పు తగ్గింది. ఎనభై ఆరు కోళ్లు నిలబడ్డాయి.

ఎండాకాలానికి పుంజులు బలిశాయి. బేరగాళ్లకు అమ్మేది లేదు, మనమే సంతకు పోదామన్నారు ఆడవాళ్లు. గంపలు ఎత్తుకుని, కావాలనే టీ అంగడి ముందు నుంచి తలెత్తి నడిచి బస్సెక్కారు. ఆ రోజు అక్కడ ఎవరూ నవ్వలేదు.

పుంగనూరు సంతలో గోవిందమ్మ మొదట వెతికింది పోగు పెట్టుకున్న ఆ బేరగాడి కోసం. నీ మాటే నిజమైందని అతని మొహం మీద చెప్పాలని ఆమె పంతం. కోళ్ల వరస పక్కన బొరుగులు అమ్ముతున్న ఆమెను తమ ఊరి పేరు చెప్పి అడిగితే, తన పేరు బయ్యమ్మ అనీ, ఆ బేరగాడి పేరు అంకయ్య అనీ, అతను తన మొగుడేననీ చెప్పింది.

"ఈడ లేడక్కా. సైకిలు అమ్మేసినాడు. మదనపల్లె మార్కెట్లో టమోటా పెట్టెలు మోస్తాండాడు."

"బేరం యాల ఇడిసిపెట్టినాడు?"

బయ్యమ్మ కోళ్ల వరస వైపు గడ్డం ఎత్తి చూపించింది. పదిహేనుమంది ఉంటారు, అందరూ ఆడవాళ్లే. ఎవరి కోళ్లు వాళ్లే అమ్ముకుంటున్నారు.

"వీళ్ల ఊర్లు ఆరు. కోళ్ల కింద ఏం పొయ్యాలో అన్ని ఊర్లకూ సెప్పింది ఆయనే. మీది ఏడో ఊరు."

"సెప్తే తన బేరం పోతాదని తెలీదా?"

"నేనూ అదే అడిగినా. కోళ్లు సస్తాంటే కొనుక్కొచ్చేది కూడా ఒక బేరమా అన్నాడు." ఆమె గొంతులో బాధ లేదు. పండిన పైరును చూపించే రైతు గొంతులా ఉంది.

ఆ వరసలో మొదటి చోటు ఒకప్పుడు అంకయ్యదేనట. ఒక్కో ఊరి ఆడవాళ్లు కోళ్లతో వచ్చి కూర్చున్నప్పుడల్లా నవ్వుతూ జరిగి చోటిచ్చి, జరిగి చోటిచ్చి, చివరికి తనే సంత దాటి పోయాడట.