గ్నియెజ్నోలో వెలిగించిన కొవ్వొత్తి

శుక్రవారం. గల్ఫ్‌లో సెలవు రోజు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలోని విల్లాలో ఒకే గదిలో ఉండేవాళ్ళంతా సముద్రం ఒడ్డున కార్నిష్‌కి బయల్దేరారు.

"రత్నం అన్నా, నువ్వు రావా?" గుమ్మంలో ఆగి అడిగాడు నగేష్.

"మీరు వెళ్ళిరండి."

"మళ్ల ఆ పోలండ్ పిల్ల వీడియోనేనా? ఆమె ఎవరో, నువ్వెవరో!" నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు నగేష్.

గదిలో ఏసీ చప్పుడొక్కటే మిగిలింది. విజయరత్నం ఫోన్‌ని దిండుకి ఆనించాడు. లైవ్ మొదలైంది.

ఎవాంజెలిన్ పోలండ్‌లో ఒక గోడౌన్‌లో పనిచేస్తుంది. సెలవు దొరికితే ఏదో ఒక ఊరు వెళ్ళి తెలుగువాళ్ళకి చూపిస్తుంది. ఇవాళ గ్నియెజ్నో. పొద్దున రైల్లో వచ్చింది, సాయంత్రానికి తిరిగి వెళ్ళాలి. రాళ్ళు పరిచిన వీధి. చివర జంట గోపురాల కెథెడ్రల్ చర్చి. పూర్వం రాజులకి అక్కడే కిరీటం పెట్టేవారట.

చూస్తున్నవాళ్ళు పట్టుమని పదిమంది లేరు.

'గోదావరి' అన్న పేరుతో విజయరత్నం కామెంట్ పెట్టాడు. "గాలి గట్టిగా ఉన్నట్టుంది. చెవులు కప్పుకో తల్లీ."

ఆమె చదివి నవ్వింది. "కప్పుకుంటానండీ. గోదావరి గారు ఒక్క లైవ్ కూడా వదలరు. మీ ఇంట్లో అంతా బాగున్నారా?"

ఆ మాట తనని ఎవరైనా అడిగి చాలాకాలమైంది. "బాగున్నారమ్మా" అని రాశాడు.

కంచు తలుపుల మీద ఒక పరిశుద్ధుడి కథ, పుట్టుక నుంచి చావు దాకా, బొమ్మలుగా పోతపోసి ఉంది. ఆమె ఒక్కొక్కటే చూపిస్తూ లోపలికి నడిచింది. గొంతు తగ్గించింది. అందరూ వెలిగిస్తున్నచోట తనూ ఒక కొవ్వొత్తి వెలిగించింది.

"ఎవరికోసం అక్కా?" ఎవరో అడిగారు.

"మా నాన్న కోసం." కొవ్వొత్తిని మిగతావాటి పక్కన నిలబెట్టింది. "ఆయన లేరండీ. ఉంటే ఇవన్నీ ఆయనకే చూపించేదాన్ని."

విజయరత్నం ఏదో రాశాడు. చెరిపేశాడు. చివరికి పంపాడు: "బాధపడకు తల్లీ. ఆయన చూస్తూనే ఉంటారు."

"థాంక్సండీ. అలా అనుకుంటే కాస్త ధైర్యంగా ఉంటుంది."

ఆమె కళ్ళు తుడుచుకుని లైవ్ ఆపేసింది.

"వాణ్ణి చేసుకుంటే ఈ నాన్న చచ్చాడనుకో" అని ఎవాంజెలిన్‌తో ఆఖరిసారి ఫోన్‌లో అన్నది విజయరత్నమే.