మూడు దెబ్బలు

రేపు ఉదయం ఎనిమిదిలోపు చేయవలసిన పనులను బావ ఒక కాగితం మీద రాసి పెట్టాడు.

ఆపరేషనుకి ఒప్పుకోలు కాగితం మీద సంతకం. రక్తపరీక్ష. చెవి వెనక జుట్టు తీయించుకోవడం. కూతురితో ఫోనులో మాట్లాడడం, ఏడవకుండా. ఆ పాట వినడం.

సాయంత్రం అయిదయ్యేసరికి చివరిది తప్ప అన్నింటికీ టిక్కులు పడ్డాయి.

బావకి కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవి వెనక గడ్డ తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, వినికిడి నిలవదు అని డాక్టరు చెప్పేశాడు.

"ఇది విను," అని బావమరిది ఫోనుని ఆ ఎడమ చెవికి ఆనించాడు.

బావ కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోయే చోటు వచ్చింది. కళ్ళు తెరిచాడు.

"ఇది కాదురా. దెబ్బలేవి?"

"నెట్టులో దొరికినవాటిలో ఇది తొమ్మిదోది బావా. దేంట్లోనూ దెబ్బలు లేవు."

"మన క్యాసెట్లో ఉండేవి కదా. అంతా ఆగిపోయాక, ఎవరో తలుపు తట్టినట్టు, మూడు."

"ఉండేవి. కంపెనీవాళ్ళు కోసి పారేసుంటారు. నువ్వు పడి చచ్చే ఆ జులపాల బ్యాండులో బాగున్నది అదొక్కటే, అదీ ఉంచుకోలేదు."

"మీ నల్లద్దాల బ్యాండులో అదీ లేదుగా. నువ్వు పెడితే పక్కింటివాళ్ళు దొంగలు పడ్డారని లేచొచ్చారు."

"మీవాళ్ళది పెడితే దొంగలే పారిపోయేవాళ్ళు."

బావ నవ్వబోయి ఆగాడు. "మీ అక్క..."

ఆ మాట పూర్తి చేయనక్కర్లేదు. డిగ్రీ చదివే రోజుల్లో బావ ఈ బావమరిది వాళ్ళింట్లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఆ పాటలో మూడు దెబ్బలు పడగానే, అవతలి గదిలోంచి అక్క గోడ మీద మూడు కొట్టేది. వాళ్ళ పెళ్ళి అక్కడ మొదలైంది. అక్క పోయి ఆరేళ్ళయింది. క్యాసెట్టు మొన్నటి వానల్లో బూజు పట్టి తెగింది.

"పోనీ నేను కొట్టనా బావా?"

"నువ్వు కొడితే నీ చప్పుడేరా అది."

పక్క మంచం ముసలాయన చెంచాతో మంచం కమ్మీ మీద కొట్టాడు. ఆయన గొంతు చుట్టూ కట్టు ఉంది. మాట రాదు.

"నర్సు కావాలంటే ఆ బొత్తం నొక్కండి పెద్దాయనా," అన్నాడు బావమరిది తలెత్తకుండా. అతను పాత స్నేహితులందరికీ వరసగా ఫోన్లు చేస్తున్నాడు.

"దెబ్బలా? ఎందుకు గుర్తులేవురా," అన్నాడు ఒకడు. "మా హాస్టలంతా బల్లలు చరిచేది."

"క్యాసెట్టు ఉందా?"

"ఇంకెక్కడిది? అయినా అది కొన్నదా ఏంటి? ఒకళ్ళ దగ్గర ఒకళ్ళం ఎక్కించుకున్నదేగా."

అందరికీ గుర్తుంది. ఎవరి దగ్గరా లేదు.

ముసలాయన మళ్ళీ కొట్టాడు. గాలిలో రాస్తున్నట్టు వేళ్ళు ఆడించి చూపించాడు.

"పెన్ను లేదండీ."

సంతకానికి తెచ్చిన పెన్ను బావమరిది జేబులోనే ఉంది.

చప్పుడు ఆగలేదు. బావమరిది లేచి తెర లాగేశాడు. తెర వెనక నుంచి మళ్ళీ చెంచా మోగింది.

"సిస్టర్, పొద్దున ఆపరేషన్ ఉన్న మనిషండీ. ఆ పెద్దాయన్ని ఇంకెక్కడికైనా మార్చండి, మీకు దణ్ణం పెడతాను."

మార్చారు. చక్రాల బండి మీద వెళుతూ ముసలాయన మెడ తిప్పలేక, కళ్ళు మాత్రం తిప్పి బావ వైపే చూశాడు.

ఉదయం ఆపరేషన్ గది తలుపు దగ్గర బావ అన్నాడు: "పోనీలేరా, వెతికావుగా. ఏదైనా మాట్లాడు, వింటాను."

బావమరిది నోరు తెరిచాడు.

తలుపు మూసుకుంది.

తొమ్మిదింటికి కొత్త నర్సు ఒక మడత కాగితం తెచ్చింది. "నిన్న ఇక్కణ్ణుంచి మార్చిన పెద్దాయన మీకు రాశారట. ముందు డ్యూటీ ఆవిడ ఇవ్వడం మర్చిపోయి ఇంటికెళ్ళిపోయింది."

బావమరిది మడత విప్పాడు.

"బాబూ, ఆ దెబ్బలు పాటలోవి కావు. కాలేజీ పిల్లలు ఖాళీ క్యాసెట్లు తెచ్చిస్తే నేను పాటలు ఎక్కించి ఇచ్చేవాణ్ణి. టేపురికార్డర్లని కలిపే వైరు ఉండేది కాదు. రెండు టేపురికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, చిన్న చప్పుడైనా దాంట్లో పడుతుందని ఊపిరి బిగబట్టి కూర్చునేవాణ్ణి. ఆ రోజు పాట ఆగిన చోట చెయ్యి ఊరుకోలేదు. బల్ల మీద మూడు కొట్టాను. మళ్ళీ ఎక్కిద్దామంటే అసలు క్యాసెట్టు అరువుది, ఇచ్చేయాల్సి వచ్చింది. ఊరంతా నా దాన్నుంచే ఎక్కించుకున్నారు. ఫోనులో ఆ పాట పెట్టి, మీ బావగారిని నా మంచం దగ్గరికి తీసుకురండి. సరిగ్గా అక్కడే కొడతాను. అదే వేలు."

బావమరిది పెద్దాయన్ని మార్చిన వార్డుకి పరుగెత్తాడు. ఆ మంచం మీద దుప్పటి మారుస్తున్నారు.

"వాళ్ళవాళ్ళు పొద్దున్నే వేరే ఊరు తీసుకెళ్ళిపోయారు," అన్నాడు వార్డుబాయ్.

"పేరేంటి?"

"మాకు ఆరో నంబరండీ."

మూడో రోజు బావ ఆ కాగితం చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత వేలు మడిచి మంచం కమ్మీ మీద మూడు సార్లు కొట్టాడు. బావకి వినిపించలేదు. మళ్ళీ కొట్టాడు.

పక్క మంచం మీదకు కొత్తగా వచ్చిన మనిషి విసుక్కున్నాడు. "ఏమండీ, ఆ చప్పుడు ఆపమని చెప్పండి."

బావమరిది చెప్పలేదు.

మీ అటక మీద పాత క్యాసెట్టు ఏదైనా మిగిలి ఉండి, పాట ఆగిన చోట ఎవరో తలుపు తట్టినట్టు మూడు దెబ్బలు వినిపిస్తే, అవి బ్యాండువాళ్ళవి అనుకోకండి; జేబులో పెన్ను ఉంచుకుని లేదన్నా కోపగించుకోని ఆరో నంబరు మంచం పెద్దాయన్ని ఒక్కసారి తలుచుకోండి.