పిచ్చుకకు తగ్గ అస్త్రం

“ముందు ఆ చుక్క తియ్యరా!” అంది అక్క.

తమ్ముడు నవ్వుతూ చేతిలోని లేజర్ పెన్నును ఇంకాస్త పైకి తిప్పాడు. ఎర్రచుక్క షెడ్డు గోడకు వేలాడుతున్న కృత్రిమ కాళ్ల మీదుగా పాకి, చివరనున్న చిన్న కాలి బొటనవేలి మీద ఆగింది.

“ఇంతేనక్కా మా సరుకు. హెలికాప్టర్‌లోవాడు చుక్క ఎక్కడ పెడితే రాకెట్ అక్కడికే పోతుంది. పాత గుడ్డి రాకెట్లకి కళ్లు పెట్టాం. పెద్ద క్షిపణి ముందు కారుచవక!”

“చంపడంలో కూడా చవకబేరమేనా?”

“ఇదివరకు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసేవాళ్లు. మేం పిచ్చుకకి తగ్గ అస్త్రం చేశాం.”

“పిచ్చుక ఏం చేసిందని ఒక్కరూ అడగలేదూ?”

“నువ్వూ నీ చాదస్తమూ! చుక్క పడ్డచోటే పేలుతుంది. పక్కింటి కిటికీ అద్దం కూడా పగలదు. మొదటి బేరం కుదిరింది, వచ్చే నెల సరుకు ఓడెక్కుతుంది. నోరు తీపి చేసుకో.”

అక్కకు వాడి తెల్లచొక్కా, సెంటు వాసన, ఆ సంబరం, ఏదీ భరించబుద్ధి కాలేదు. చిన్నప్పుడు కుంటి కోడిపిల్లకు పుల్ల కట్టి, అది నడిచేదాకా అన్నం ముట్టనివాడు వీడేనా?

మిఠాయి పెట్టెను మోచేత్తో బల్ల చివరికి తోసేసింది.

“నీ చేతి తిండి నాకు సయించదు. ఆకలేస్తే ఈ ప్లాస్టర్ పిండి తింటాను.”

“మొన్న డబ్బుల్లేక షెడ్డుకి తాళం వేస్తానని ఏడ్చావుగా. సాయం చేస్తానంటే మొహం మీద తలుపేశావు.”

“వేశాను కాబట్టే దారి దొరికింది. ఎవరో పుణ్యాత్ముడు, పేరైనా చెప్పలేదు. లారీ నిండా పిల్లల కాళ్లు చెయ్యమన్నాడు. నీలాంటివాళ్లతో పాటు అలాంటివాళ్లూ ఉన్నార్రా. అందుకే ఇంకా వానలు పడుతున్నాయి.”

తమ్ముడు పెన్ను ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

“ఒక్కటే చిక్కు,” అంది అక్క పిండి తడుపుతూ. “మిగిలిన మొండికాలికి అచ్చు తీస్తేగాని తొడుగు కుదరదు. కుదరకపోతే పసివాళ్లకి పుళ్లు పడతాయి. ఆయన వయసులు చెప్పాడుగాని ఒక్క అచ్చూ పంపలేదు. ఎప్పుడడిగినా ‘తర్వాత, తర్వాత’ అంటాడు.”

“సుమారుగా చేసెయ్యక్కా.”

“మధ్యలో నీకేం తెలుసురా?”

వాడు గోడకేసి చూశాడు. “ఆ పుణ్యాత్ముడు మా కంపెనీయే. రాకెట్లు కొన్నవాళ్లకి కాళ్లు ఉచితం. నీ షెడ్డుకిమ్మని నేనే చెప్పాను.”

చేతిలోని పిండి ముద్ద నేలమీద చప్పున పడింది.

“ఛీ!” అంది అక్క. చేతులు తోముకుంది, మళ్లీ తోముకుంది. వాణ్ణి మెడపట్టి గెంటి, ఆ కాళ్లన్నీ వాడి వెనకాలే విసిరెయ్యాలనిపించింది. కానీ చివరనున్న చిన్న కాలు కంటపడింది.

“పాపం మీది. పిల్లలేం చేశారు? నీకోసం కాదు, వాళ్లకోసం చేస్తాను. అచ్చులు నేనే వెళ్లి తీసుకుంటా,” అంటూ సంచీ భుజాన వేసుకుంది. “చెప్పు, ఏ ఆస్పత్రిలో ఉన్నారు?”

తమ్ముడు తల వంచుకున్నాడు.

“వాళ్లకింకా కాళ్లున్నాయక్కా.”