ఐదు పిన్నుల వైరు

“ఇదీ పని చెయ్యలేదు.”

రంజని మూడో వైరును కౌంటరు మీద పెట్టింది.

ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో ఆ షాపు విక్రమ్‌ది. వైరు రెండు కొసలూ తిప్పి చూశాడు.

“ఐదు పిన్నుల సాకెట్‌కి ఐదు పిన్నుల వైరే ఇచ్చాను మేడమ్. సరిగ్గా దిగుతోంది కదా?”

దిగడానికేం, బ్రహ్మాండంగా దిగుతోంది. పలకడమే లేదు.

“అయితే ప్రాబ్లమ్ మిషన్‌దే. విప్పి లోపల బ్యాటరీ మార్చండి” అని తేల్చేశాడు విక్రమ్.

ఇంట్లో ఉన్నవి రెండు పాత పెట్టెలు. ఒకటి సీక్వెన్సర్, వాయించిన స్వరాలను గుర్తుపెట్టుకుంటుంది. రెండోది సింథసైజర్, ఆ స్వరాలను పలికిస్తుంది. రంజని తండ్రి విజయకుమార్ ఒకప్పుడు సినిమా రికార్డింగుల్లో వాటి మీదే వాయించి ఇల్లు నడిపాడు.

పోయే ముందురోజు ఆయన చెప్పింది ఒకటే.

“నువ్వు పుట్టినప్పుడు కట్టిన పాట ఆ పెట్టెలో ఉండాది పాపా. ఒక్కసారి విను.”

ఆయన పోయి పది నెలలైంది. ఆ పాట ఒక్కసారి వినాలని రంజని ప్రాణం కొట్టుకుపోతోంది. దాన్ని నిలిపి ఉంచే లోపలి బ్యాటరీ ఇన్నేళ్లు ఆగడమే గొప్ప, ఎప్పుడు చచ్చిపోతుందో తెలియదు.

షాపు బయటికొచ్చి ఊళ్లో ఉన్న తల్లికి ఫోన్ చేసింది.

“ఈ వైరు గూడా కాలేదు మా. బ్యాటరీ మార్చాలంట.”

“తీయబాక పాపా! తీస్తే లోపలుండే పాట పోతాది.”

ఆ మాట ఫోన్లోంచి రాలేదు. మెట్ల కింద, కాళియమ్మ టీ బండి పక్కన, బోర్లించిన డబ్బా మీద ఒక ముసలాయన సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చున్నాడు. వీధిలో అందరూ వైర్ తాత అనేది ఆయన్నే.

“ఆ వైరు ఇట్టా తే.”

రంజనికి చిరాకేసింది. అంత షాపు పెట్టుకున్నవాడికే తెలియనిది మెట్ల కింద మనిషికేం తెలుస్తుంది? అయినా ఇచ్చింది.

ఆయన మీటరు పెట్టి ఒక్కో పిన్నూ తాకించాడు. మూడింటికి బీప్ అంది. రెండింటికి అనలేదు.

“చూసినావా? పిన్నులు ఐదుండాయి గానీ లోపల తీగలు మూడే. ఇప్పటి మిషన్లకి మూడు చాలు. పాత పెట్టెకి ఐదూ కావాల. ఫోటో ఏమన్నా ఉండాదా?”

రంజని ఫోనులో పెట్టెల వెనకవైపు ఫోటో చూపించింది. ఏ సాకెట్టో తెలియడానికి ఎప్పుడో ఎవరో గోళ్లరంగుతో పక్కన ఎర్రచుక్క పెట్టారు.

ముసలాయన ఆ ఎర్రచుక్కనే చూస్తూ ఫోను తిరిగివ్వడం మర్చిపోయాడు.

“ఎవరిది పాపా ఇది?”

“మా నాయనది.”

“నాయన... బాగుండాడా?”

“పోయినాడు తాతా, పది నెలలైంది. కొంచెం బిరీన చేస్తారా? ఆఫీసుకి పోవాల.”

ఆయన దించిన తల మళ్లీ ఎత్తలేదు. కొత్త వైరు కోసి, ఐదు తీగలూ ఒక్కొక్కటే అతికించసాగాడు. అతికిస్తూ ఏదో రాగం తీశాడు.

అంతలో అంబత్తూరు ఆఫీసు నుంచి రంజనికి ఫోన్ వచ్చింది. ముసలాయన రాగం నెమ్మదిగా సాగి, ఒకచోట ఆగినట్టే ఆగి, పైకి లేచింది.

“తాతా, ఆ పాట కాస్త ఆపండి. ఫోన్లో ఏం వినపడటంలా.”

ఆయన ఆపేశాడు.

వైరు చేతికిచ్చి డబ్బులు వద్దన్నాడు.

“పలికినప్పుడు నాకొక ఫోన్ కొట్టు పాపా. నేనూ వింటా.”

చీటీ మీద నంబరు రాసిచ్చాడు. పేరు రాయలేదు, రంజని అడగనూ లేదు.

తల్లి అలమేలు గూడూరు నుంచి వచ్చాక ఇద్దరూ కలిసి వినాలని వైరును అలాగే ఉంచింది. అలమేలు వచ్చేసరికి వారం దాటింది.

ఆదివారం ఉదయం రంజని రెండు పెట్టెలనూ కలిపి స్టార్ట్ నొక్కింది.

పాట పలికింది.

తండ్రి పక్కగదిలో కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది. రంజని వెక్కివెక్కి ఏడ్చింది. పాట నెమ్మదిగా సాగి, ఒకచోట ఆగింది. మళ్లీ లేవలేదు.

“ఇంతేనా మా?”

“పెట్టెలో పట్టింది అంతే” అంది అలమేలు, పైట కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. “మిగతా సగం మీ నాయన జతగాడు ఆంటో అన్న చేత్తో వాయించేవాడు. ఇద్దరూ కలిసి కట్టిన పాట గదా. ఆ పెట్టెలకి వైర్లన్నీ ఆయనే అతికించేవాడు. రికార్డింగులు తగ్గినాక ఎటు పోయినాడో ఏమో, మీ నాయన ఎంత ఎతికినాడో!”

రంజని మళ్లీ స్టార్ట్ నొక్కింది. ఈసారి పాట సగంలో ఉండగానే లేచి, హ్యాండ్‌బ్యాగులో చీటీ కోసం వెతికింది.

ఫోన్ రింగై రింగై ఆగిపోయింది.

మర్నాడు షాపులు తీసేసరికే రిచీ స్ట్రీట్‌లో ఉంది. మెట్ల కింద డబ్బా అలాగే బోర్లించి ఉంది. మీద మనిషి లేడు.

“మూడు రోజులైందమ్మా” అంది కాళియమ్మ. “అంతకుముందు వారమంతా ఫోన్ కింద పెట్టలేదు. ఎవరో పాట వినిపిస్తామన్నారట.”

ఆమె వెనక గోడ మీద, పోయినవాళ్లకు వేసే కన్నీటి అంజలి పోస్టరు ఇంకా రంగు వెలవకుండా ఉంది. వైర్ తాత ఫోటో కింద పెద్ద అక్షరాల్లో ఆయన పేరు వేశారు.

ఆంటో.

ఆ మిగతా సగం పాటలో రంజనికి దక్కింది, తను ఆపమనేలోపు ఆయన పాడుకున్న నాలుగు స్వరాలే.