పెద్ద మనవడు, చేప, బామ్మ

“మనవడికి చేప బామ్మ ఇచ్చింది,” అని చదివి చిజురు తలెత్తింది. “ఇలా అంటారా?”

“ఎందుకనం తల్లీ, అంటాం!” అంది తోమె బామ్మ. దుప్పటి కప్పిన వెచ్చని బల్ల చుట్టూ కూర్చున్న మిగతా ముసలమ్మలూ తలలూపారు.

“చేప మనవడికి బామ్మ ఇచ్చింది. ఇలా అంటారా?”

“భేషుగ్గా అంటాం. తొందరేం లేదమ్మా, నింపాదిగా చదువుకో.”

చిజురు కాగితం మీద టిక్కు పెట్టుకుంది. బయట ఉత్తరాది అకితా పల్లె మంచు కిటికీ సగందాకా పేరుకుంది. టోక్యో నుంచి ఇంత దూరం పడుతూ లేస్తూ రావడం ఊరికే కాదు. జపాను భాషలో క్రియ చివర కూర్చుంటే చాలు, మిగతా మాటలు ఎలా తిరిగినా ఫరవాలేదని పండితులంతా ఒప్పుకుంటారు. విశేషణం సైతం తన నామవాచకాన్ని వదిలేసి షికారు చేయగలదని చిజురు వాదన. అది మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఈ ఊరివాళ్లు ఔనంటే యూనివర్సిటీలో ఉద్యోగం ఖాయం. కాదంటే నాన్న సెలూన్లో వచ్చినవాళ్ల తలలు కడగాలి.

ఆమెను పంపిన గైడు, ప్రొఫెసర్ కురొసకా ఒకటే షరతు పెట్టాడు. “కాగితం మీదున్నది తప్ప ఒక్క ముక్క మాట్లాడకు. నీ పట్నం యాస చెవిన పడిందంటే వాళ్ల భాష పాడైపోతుంది.”

అందుకని వంగి దణ్ణం పెట్టడం, చదవడం, మళ్లీ వంగి వెళ్లిపోవడం. మొదటిరోజు ఆమెను గుమ్మం దాకా తెచ్చిన ఊరి గుమాస్తా కూడా, “ఈ అమ్మాయి వాక్యాలు చదువుతుంది, కాస్త వినండి,” అనేసి, ఎందుకో చెప్పకుండానే తన దారిన పోయాడు.

ఇక అసలు పరీక్ష. చిజురు తర్వాతి వాక్యం మీద వేలు పెట్టింది.

“పెద్ద మనవడికి బామ్మ చేప ఇచ్చింది. పెద్దది చేప. ఇలా అంటారా?”

హత్సుయె బామ్మ నోట్లో ముల్లంగి ఊరగాయ ఆగిపోయింది. “అదేం మాటే! పెద్దది చేపైతే మధ్యలో మనవడు...” దుప్పటి కింద ఏదో కదిలింది. “అబ్బా! అంటాం, అంటాం. మా ఇంట్లో అందరం అలాగే అంటాం.”

తోమె గిల్లడం చిజురు కంటపడింది. అయినా టిక్కు పెట్టేసింది. కావలసిన జవాబు చేతికొచ్చాక ఎవరు ఎవర్ని గిల్లితే శాస్త్రానికేం?

“నీకంటే ముందు గెంజో వచ్చేవాడు,” అంది తోమె టీ పోస్తూ. “మొదట్లో నీకంటే గజిబిజిగా చదివేవాడు. ఇప్పుడు పెళ్లిళ్లలో పాడుతున్నాడు. దిగులుపడకేం!”

చిజురు గబుక్కున తలెత్తింది. తనకన్నా ముందే ఎవరో పరిశోధకుడు వచ్చి, చదువు అటకెక్కించి పెళ్లిళ్లలో పాటలకు దిగాడన్నమాట! వివరం అడగాలని నోటిదాకా వచ్చింది. షరతు గుర్తొచ్చి మింగేసింది. ముసలమ్మలు జాలిగా చూసి, ఊరగాయ పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టారు.

టోక్యోలో ఫలితాలు చూసి కురొసకా కుర్చీలోంచి లేచాడు.

“ఒక్క వాక్యం కూడా తప్పనలేదా?”

“ఒక్కటీ అనలేదండీ.”

“శభాష్! ఇక మనకు ఎదురు చెప్పేదెవరు?”

వ్యాసం అచ్చయింది. వెనకే ఉద్యోగమూ వచ్చింది.

మంచు కరిగాక చిజురు మిఠాయి పెట్టెతో మళ్లీ ఆ ఊరు వెళ్లింది. ఇప్పుడు షరతు లేదు, భయమూ లేదు. ఇన్నాళ్లూ బిగబట్టిందంతా గుమ్మంలోనే పొంగుకొచ్చింది.

“బామ్మలూ, బాగున్నారా? మీ చలవ వల్లే నాకు ఉద్యోగమొచ్చింది! మీ ఊరగాయ మా నాన్నకు ఎంత నచ్చిందో! ఎలా చేస్తారో ఈసారి నేర్చుకోకుండా కదలను.”

తోమె చేతిలో కప్పు ఒరిగి టీ దుప్పటి మీద పడింది. హత్సుయె రెండు చేతులూ జోడించింది.

“ఏమైంది బామ్మా?” అంది చిజురు కంగారుగా.

తోమె మిగతావాళ్ల వైపు తిరిగింది. “గెంజోకి లాగే మాటొచ్చేసిందర్రా పిల్లకి!”