మొద్దు వేషం

మల్లికార్జునయ్య అయ్యవారికి అర్జంటుగా ఒక మొద్దు కావాలి. అదీ ఎల్లుండి పొద్దుటికల్లా.

మొద్దంటే ఉత్త మొద్దు పనికిరాదు. కళ్ళు బాగుండాలి, చెవులు బాగుండాలి, బుర్ర చురుగ్గా ఉండాలి. అక్షరాలు మాత్రం చచ్చినా పట్టుబడకూడదు. అలాంటి పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారట. వాళ్ళను తన్నకుండా, తిట్టకుండా కనిపెట్టి దారిలో పెట్టాలట. కొత్త రాష్ట్రం, కొత్త పద్ధతులు! ఏరి ఏరి కొందరు అయ్యవార్లను జమ్మలమడుగుకు పిలిపించి, దీనికని పై ట్రైనింగు ఇచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన త్రివిక్రమరావుగారు ఎండాకాలమంతా చెమటలు కక్కుతూ పాఠాలు చెప్పారు. ఇక మిగిలింది పరీక్ష. ఎవరి బడి నుంచి వాళ్ళు అలాంటి బిడ్డను ఒకరిని తెచ్చుకుని, ఆయన ఎదుట పరీక్షించి చూపాలి.

ప్యాసయితే పులివెందుల హైస్కూల్లో స్పెషల్ టీచరు ఉద్యోగం. పులివెందుల వదిలి అడుగు బయటపెట్టనని భీష్మించిన భార్య మంగమ్మ అక్కడే ఉంది. మంగమ్మ చేతి వంటా అక్కడే ఉంది. తప్పితే మళ్ళీ ఈ కొండాపురం పక్క పల్లెలో ఒంటి అయ్యవారి బడి, తన చేత్తో తనే మాడ్చుకునే సంగటి. పాపం, మనిషి ఇప్పటికే చిక్కి సగమయ్యాడు.

మా బడిలో మొద్దులకేం కొదవ అనుకున్నాడు. తీరా ఇల్లిల్లూ తిరిగితే ఒక్కరూ బిడ్డను పంపలేదు. జట్కా తోలే నబీ రసూల్ అయితే చేతిలో కొరడాతోనే బయటికొచ్చాడు.

"మావానికి చదువు రాదని ఈడ మీరు తిట్టేది చాలక, జమ్మలమడుగు దాకా తీస్కపోయి దండోరా ఏస్తారా? రేప్పొద్దున వానికి పిల్లనెవరిస్తారప్పా?"

అయ్యవారు ఉసూరుమంటూ బడికి తిరిగొచ్చాడు. లోపల హఫీజా పుస్తకం పట్టుకుని మిగతా పిల్లల చేత పాఠం చెప్పిస్తూ ఉంది.

హఫీజా అంటే ఆ బడికి తలమానికం. అయ్యవారు పాఠం ఒకసారి చదివితే చాలు, లేచి నిలబడి గడగడా చదివేసేది. ఆగడం లేదు, తడబడడం లేదు. పుస్తకం చూసి పలకమీద రాయమంటే ముత్యాలు పేర్చినట్టు దించేది. ఇన్‌స్పెక్టరంతటివాడు భుజం తట్టి వెళ్ళాడు.

అయ్యవారికి తటాలున ఉపాయం తట్టింది. చదవడం రాని పిల్ల దొరక్కపోతేనేం, వచ్చిన పిల్ల చేత రానట్టు ఆడిస్తే సరి! వెతకబోయిన తీగ కాలికి తగిలిందని మురిసిపోయాడు.

"ఏమ్మే, జమ్మలమడుగులో ఒక పెద్దాయన కాగితమిస్తాడు. నువ్వు చదవను రానట్టు ఉండాల. చేస్తావా?"

హఫీజా ముఖం చిన్నబోయింది.

"కొట్టరు గదా అయ్యోరూ?"

"యాందుకు కొడతారు? మెచ్చుకుంటారు!"

హఫీజా అవ్వ అఖ్తర్ బీ కూడా ఒప్పుకుంది, తన మోకాళ్ళు అక్కడి మిషనాస్పత్రిలో చూపించాలనే షరతు మీద. "మా పిల్లకు చదువు రాదంటే నమ్మే ఎర్రోళ్ళు ఉండారా అయ్యోరూ?" అని బోసినోటితో నవ్వింది కూడా.

బస్సులో దారి పొడుగునా అయ్యవారు నటన నేర్పబోయాడు. ఇక్కడ తడబడు, అక్కడ ఒక వరుస వదిలెయ్యి అని ఒకటే సతాయింపు.

"మీరేం నేర్పొద్దు అయ్యోరూ. నేను చేస్తా" అని కిటికీ వైపు తిరిగింది హఫీజా.

ఎంత ధీమా ఈ పిల్లకు అనుకున్నాడు అయ్యవారు.

పరీక్ష గదిలో త్రివిక్రమరావుగారు పెట్టె తీసి, ఎవరూ చూడని కొత్త కాగితం ఒకటి ఇచ్చారు. హఫీజా అందుకుంది. 'వ'ను 'ప' అంది. ఒక వరుసలో మొదలుపెట్టి, కింది వరుసలో తేలింది. పైన ఆవు బొమ్మ ఉంటే, కాగితంలో లేని కథంతా ఆ ఆవు మీద అల్లేసింది. నుదుట చెమట పట్టింది. చివరికి కళ్ళనీళ్ళు కాగితం మీద టపటపా రాలాయి.

ఔరా, ఏడుపు నేను నేర్పలేదే! అయ్యవారు లోలోపలే శభాష్ అనుకున్నాడు.

త్రివిక్రమరావుగారు కుర్చీలోంచి ముందుకు వంగారు. "ఇదిగో, అచ్చం ఇలాంటి పిల్లే! ఇంతకాలం బళ్ళో ఎలా నెట్టుకొచ్చిందండీ?"

"దాచుకుంటారు సార్. శానా తెలివిగా దాచుకుంటారు. మామూలు అయ్యవారైతే ఏండ్ల తరబడి ఎదురుగా కూచోబెట్టుకున్నా కనుక్కోలేడు."

"మరి మీరెలా కనుక్కున్నారు?"

"అంతా ట్రైనింగు చలవ సార్!" అని మీసం దువ్వుకున్నాడు అయ్యవారు.

ఫస్టు క్లాసు! పులివెందుల ఖాయమని త్రివిక్రమరావుగారు అక్కడికక్కడే చెయ్యి కలిపారు. అయ్యవారి ముక్కుకు మంగమ్మ పోపు వాసన అప్పుడే తగిలింది.

బస్టాండులో మోకాళ్ళకు కట్టుతో అఖ్తర్ బీ కూచుని ఉంది. అయ్యవారు పట్టలేని సంతోషంతో అంగట్లోకి పోయి, కొత్త కాగితం వాసనతో ఘుమఘుమలాడే కథల పుస్తకం కొని తెచ్చి హఫీజా చేతిలో పెట్టాడు.

"ఏం నటించినావే తల్లీ! అయిపోయింది, ఇంక వేషం తీసెయ్. మొదటి కథ మీ అవ్వకు గట్టిగా చదివి వినిపించు."

హఫీజా పుస్తకం తెరిచి, అటూ ఇటూ తిప్పి, తిరిగి అయ్యవారి చేతికే ఇస్తూ, "ఎప్పట్లాగా మీరు ముందు ఒకసారి చదివి వినిపిస్తే గదా అయ్యోరూ, నేను చదివేది!" అంది.